రద్దులో పనితనం

ఒక సంస్థను పెట్టే చట్టానికి దక్కే సందడి దాన్ని ఎత్తేసే చట్టానికి దక్కదు. పెట్టేటప్పుడు సభలో చప్పట్లు, బయట శిలాఫలకాలు, మర్నాడు పేపర్లలో మొదటి పేజీ వార్త. ఎత్తేసేటప్పుడు గెజిట్‌లో నాలుగు కాగితాలు, అవీ పెద్దగా ఎవరూ చదవనివి. అయినా బిల్లు రాసేవాళ్ల చేతి నైపుణ్యం బయటపడేది ఆ నాలుగు కాగితాల్లోనే. కొత్త సంస్థను పెట్టడానికి ఊహ ఉంటే సగం పని అయినట్టే. ఉన్నదాన్ని తీసేయాలంటే దానితో ముడిపడ్డ ప్రతి ఒప్పందం, ప్రతి ఎకరం, ప్రతి ఉద్యోగి, కోర్టులో నడుస్తున్న ప్రతి కేసు గుర్తుకు రావాలి. ఒక్కటి మరిచిపోయినా ఆ మరుపు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతుంది.

ఈ పనితనాన్ని దగ్గరగా చూడాలనుకునేవారికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం మంచి పాఠశాల. హైస్పీడ్ రైలు కోసం సంస్థలు పెట్టడం, వాటిని ఎత్తేయడం అక్కడ పాతికేళ్లపాటు సాగిన తంతు. రైలు కావాలా వద్దా అన్న వాదన ఈ వ్యాసానికి అక్కర్లేదు. ఆ వాదనలో గెలిచినవాళ్లు తమ గెలుపును చట్టంలోకి ఎలా దించారు, ఏ మాట ఎక్కడ పెట్టారు, దేన్ని ముట్టుకోకుండా వదిలారు అన్నదే ఇక్కడ చూడవలసింది.

ముందు కథ క్లుప్తంగా. జపాన్‌లో షింకన్‌సేన్ బుల్లెట్ రైలు ఎక్కి ముచ్చటపడిన గవర్నర్ బాబ్ గ్రాహం హయాంలో, 1984లో, ఫ్లోరిడా హైస్పీడ్ రైలు కమిషన్ పుట్టింది. 1990ల మొదట్లో దాన్ని ఎత్తేసి పనిని రాష్ట్ర రవాణా శాఖకు అప్పగించారు. ఆ తర్వాత ఒక ప్రైవేటు కన్సార్షియంతో కలిసి మయామీ, ఓర్లాండో, టాంపాలను కలిపే ప్రాజెక్టు తలపెడితే, 1999లో పదవిలోకి వచ్చీ రాగానే గవర్నర్ జెబ్ బుష్ దాన్ని ఆపేశారు. ప్రభుత్వం మారినప్పుడల్లా రైలు ఆగిపోతోందని విసిగిన లేక్‌లాండ్ వ్యాపారి సి.సి. డాకరీ ఇంకో దారి పట్టారు. సొంత డబ్బు ఖర్చుపెట్టి ఓటర్ల సంతకాలు సేకరించి, రైలును ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించారు. 2000 నవంబరులో దాదాపు 53 శాతం మంది ఓటర్లు దానికి ఔనన్నారు.

ఆజ్ఞ, అది పుట్టించిన యంత్రం

అలా 10వ అధికరణంలో చేరిన 19వ సెక్షన్ రెండే రెండు వాక్యాలు. కానీ ఒక్కో వాక్యం ఒక్కో పేరా అంత. మొదటిది ఉద్దేశం చెబుతుంది: ట్రాఫిక్ రద్దీ తగ్గించడానికి, గంటకు 120 మైళ్లు, అంటే 193 కిలోమీటర్లు దాటి పోగల వ్యవస్థ, రోడ్డు ట్రాఫిక్‌తో కలవని సొంత దారి మీద, రాష్ట్రంలోని 5 పెద్ద పట్టణ ప్రాంతాలను కలుపుతూ రావాలి. అది మోనోరైలైనా కావచ్చు, అయస్కాంత శక్తితో తేలే బండైనా కావచ్చు. రెండో వాక్యం ఆజ్ఞ: శాసనసభ, మంత్రివర్గం, గవర్నర్ ఈ పనికి పూనుకోవాలి, 2003 నవంబరు 1లోగా నిర్మాణం మొదలవ్వాలి.

రాజ్యాంగాల్లో సాధారణంగా హక్కులుంటాయి, అధికారాలుంటాయి. పని మొదలుపెట్టాల్సిన తేదీ ఉండటం అరుదు. ఆ తేదీయే ఈ సెక్షన్‌కు బలం, బలహీనత కూడా. ఇంకో చిన్న మాట కూడా రెండో వాక్యంలో దాగి ఉంది: డబ్బు కేటాయింపు శాసనసభ చేసే చట్టాన్ని బట్టి ఉంటుంది. అంటే పని చేసి తీరాలని రాజ్యాంగం చెప్పింది, ఖజానా తాళాలు మాత్రం శాసనసభ దగ్గరే ఉంచింది.

ఆ ఆజ్ఞను పాటించడానికి 2001లో శాసనసభ ఒక చట్టం చేసి హైస్పీడ్ రైలు అథారిటీని పెట్టింది. సభ్యులు 9 మంది. ముగ్గుర్ని గవర్నర్, ముగ్గుర్ని సెనేట్ అధ్యక్షుడు, ముగ్గుర్ని సభ స్పీకర్ నియమిస్తారు. ఎవరి చేతికీ పూర్తిగా చిక్కకుండా చేసిన ఏర్పాటు అది. ఈ చట్టం ఫ్లోరిడా శాసనాల 341వ అధ్యాయంలో చేరింది. ఇక్కడి నుంచి రెండు పొరలున్నాయని పాఠకులు గుర్తుంచుకోవాలి. పైన రాజ్యాంగంలో ఆజ్ఞ. కింద చట్టంలో ఆ ఆజ్ఞను నడిపించే యంత్రం. రద్దు చేయాలనుకున్నవాళ్ల పనితనమంతా ఈ రెండు పొరల మధ్య సందులో కనిపిస్తుంది.

ఒక్క వాక్యం

2004లో జెబ్ బుష్, రాష్ట్ర ఆర్థికాధికారి టామ్ గల్లఘర్ ఈ ఆజ్ఞను తీసేయించడానికి నడుం కట్టారు. దారి మళ్లీ అదే: ఓటర్ల సంతకాలు, రాష్ట్ర సుప్రీంకోర్టు పరిశీలన, నవంబరు బ్యాలెట్. ఫ్లోరిడాలో ఈ దారి ఇరుకైనది. ఓటర్లు ప్రతిపాదించే సవరణ ఒకే విషయం మీద ఉండాలి. బ్యాలెట్ మీద శీర్షిక 15 మాటలు, సారాంశం 75 మాటలు దాటకూడదు. ఓటరు తప్పుదోవ పట్టే మాట ఒక్కటి ఉన్నా కోర్టు ఆ ప్రతిపాదనను బ్యాలెట్ మీదికి రానివ్వదు.

ఈ ఇరుకులో వాళ్లు రాసిన సవరణ పాఠం ఒకే ఒక్క వాక్యం: 10వ అధికరణం 19వ సెక్షన్‌ను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాం. అంతే. కారణం లేదు, విమర్శ లేదు, ప్రత్యామ్నాయం లేదు. సారాంశం కూడా అదే పొదుపు పాటించింది. హైస్పీడ్ వ్యవస్థను అభివృద్ధి చేసి నడపాలని శాసనసభను, మంత్రివర్గాన్ని, గవర్నర్‌ను నిర్బంధిస్తున్న సవరణను ఇది రద్దు చేస్తుందని చెప్పి ఊరుకుంది. రైలు ఖరీదైనదనో, అనవసరమనో ఒక్క మాట లేదు. ప్రచారంలో ఆ మాటలు ఎన్నో అన్నారు, బ్యాలెట్ మీదికి వచ్చేసరికి కలానికి తాళం వేశారు. సారాంశంలో వాదన చొరబడితే కోర్టు కొట్టేస్తుందని వాళ్లకు తెలుసు.

ఈ వాక్యం వదిలేసిన సంగతి ఇంకా గమనించదగ్గది. అథారిటీ ఊసే అందులో లేదు. 2001 చట్టం ఊసు లేదు. పైపొర తీశారు, కిందిపొరను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఒకే విషయం అన్న నియమానికి ఇబ్బంది రావచ్చు. పైగా శాసనాన్ని రద్దు చేయడం శాసనసభ పని, దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. చేయాలన్న నిర్బంధం పోయింది, చేయగల అధికారం నిలిచింది.

ఈ తేడాను బ్యాలెట్ మీదే ఇంకెవరో పట్టుకున్నారు. ఓటర్ల ప్రతిపాదనల వల్ల ఖజానాకు ఎంత లాభమో నష్టమో లెక్కగట్టి చెప్పడానికి ఫ్లోరిడాలో ఒక అధికారిక అంచనాల బృందం ఉంటుంది. ఈ రద్దు వల్ల 30 ఏళ్లలో 2,000 కోట్ల నుంచి 2,500 కోట్ల డాలర్ల దాకా మిగులుతుందని ఆ బృందం రాసింది. ఆ వెంటనే ఒక షరతు చేర్చింది: సంబంధిత చట్టాలు కూడా రద్దవుతాయన్న అంచనా మీద వేసిన లెక్క ఇది. నిర్మాణానికి రాష్ట్ర బాండ్లు వాడతారని అనుకున్నామని, కేంద్రం నుంచో ప్రైవేటు నుంచో డబ్బు వస్తే ఈ అంకె తగ్గవచ్చని కూడా చెప్పింది. సంబంధిత చట్టాలు కూడా రద్దయితే అన్న ఆ ఒక్క షరతులో మొత్తం విషయం ఇమిడి ఉంది. మీరు ఓటు వేసేది ఆజ్ఞను తీసేయడానికి మాత్రమే, యంత్రాన్ని ఆపడం వేరే పని అని ఓటరుకు నిజాయితీగా చెప్పిన మాట అది. ఆర్థిక అంచనాల భాషలో ఇంత కచ్చితమైన వాక్యం తరచు దొరకదు.

2004 నవంబరులో దాదాపు 64 శాతం ఓట్లతో రద్దు నెగ్గింది. నాలుగేళ్ల కిందట ఔనన్న రాష్ట్రమే కాదన్నది. అథారిటీ మాత్రం కాగితం మీద బతికే ఉంది.

గీత కొట్టిన మాటలు

అయిదేళ్ల తర్వాత, 2009 డిసెంబరులో, ఆ అథారిటీ వంతు వచ్చింది. ఈసారి సందర్భం తలకిందులు. ఆ ఏడాది మొదట్లో కేంద్రం ఉద్దీపన చట్టంలో హైస్పీడ్ రైళ్లకు 800 కోట్ల డాలర్లు పెట్టింది. ఆ డబ్బు అందుకోవాలంటే రాష్ట్రం రైళ్లపై గట్టిగా ఉన్నట్టు కనిపించాలి. గవర్నర్ చార్లీ క్రిస్ట్ హయాంలో శాసనసభ ప్రత్యేకంగా సమావేశమైంది. రైలును ఆపడానికి కాదు, నడిపించడానికే పాత సంస్థను ఎత్తేశారు. 9 మంది సభ్యుల అథారిటీ స్థానంలో, రవాణా శాఖలోనే ఫ్లోరిడా రైల్ ఎంటర్‌ప్రైజ్ అనే విభాగం వచ్చింది. రాష్ట్రంలో టోల్ రోడ్లు నడిపే టర్న్‌పైక్ ఎంటర్‌ప్రైజ్ అప్పటికే ఆ శాఖలో ఉంది, ఇదీ అదే మూసలోది.

ఫ్లోరిడా బిల్లు ఒకటి చేతిలోకి తీసుకుంటే ముందు కనిపించేది దాని ముస్తాబు. ఎడమ పక్క ప్రతి వరుసకూ అంకె ఉంటుంది. తీసేసే మాట మీద గీత, కొత్తగా చేర్చే మాట కింద గీత. ఈ గుర్తులకు అర్థమేమిటో ప్రతి పేజీ అడుగునా ఒక వరుసలో మళ్లీ మళ్లీ అచ్చు వేస్తారు, ఏ పేజీ విడిగా దొరికినా చదివేవాడు అయోమయపడకూడదని. ఒక్కో రద్దు ఏ సెక్షన్‌కు, ఎందుకు అన్నది బిల్లు పేరులోనే వరుసగా చెప్పేస్తారు. అందుకే ఒక్కోసారి బిల్లు పేరే పేజీల కొద్దీ సాగుతుంది. చూడ్డానికి విసుగనిపించినా, ఏది పోతోందో దాచడానికి వీల్లేని పద్ధతి ఇది.

341వ అధ్యాయంలో ఈ పని ఎలా జరిగిందో చూడండి. 341.8201 సెక్షన్ ఆ చట్టానికి పేరు పెడుతుంది. అక్కడ పాత పేరు పోయి, ఫ్లోరిడా రైల్ ఎంటర్‌ప్రైజ్ చట్టం అన్న కొత్త పేరు చేరింది. తర్వాత నిర్వచనాల సెక్షన్‌లో అథారిటీ స్థానంలో ఎంటర్‌ప్రైజ్. ఆ తర్వాత భూసేకరణ, కాంట్రాక్టులు, రైలు ఆస్తులు అంటూ వెళ్లే సెక్షన్లలో ఎక్కడ అథారిటీ అన్న మాట వస్తే అక్కడ గీత, పక్కన కొత్త మాట. చట్టాన్ని మొత్తంగా కొట్టేసి కొత్తది రాయడం సులువు. కానీ అలా చేస్తే 2001 నుంచి ఆ సెక్షన్ల కింద జరిగిన పనులకు, కొత్త చట్టానికి మధ్య తాడు తెగుతుంది. ఇక్కడ అంకెలు అవే ఉంచి యజమానిని మార్చారు. పాత మండువా ఇల్లు విప్పే మంచి మేస్త్రి దూలాలు, ద్వారబంధాలు విరగకుండా దించి పక్కన పెట్టినట్టు, సంస్థను తీసేసి దాని అధికారాలను చెక్కుచెదరకుండా కొత్త చేతుల్లో పెట్టారు.

ఇలాంటి పనులకు ఫ్లోరిడాలో ముందే సిద్ధం చేసి ఉంచిన పరికరం కూడా ఒకటుంది. ఒక సంస్థను ఇంకో శాఖలో కలిపేటప్పుడు వాడుకోవడానికి 20.06 సెక్షన్‌లో రెండో తరహా బదిలీ అనే ఏర్పాటు రాసిపెట్టారు. ఆ పేరు బిల్లులో రాస్తే చాలు. అధికారాలు, రికార్డులు, సిబ్బంది, ఆస్తి, ఖర్చు కాకుండా మిగిలిన నిధులు, అన్నీ కలిసి వెళ్తాయి. అంతవరకు అమల్లో ఉన్న నిబంధనలు, ఎవరైనా చట్టప్రకారం మార్చేదాకా నిలుస్తాయి. ప్రతి బిల్లులోనూ ఈ జాబితా కొత్తగా రాసుకుంటే ఏదో ఒకటి జారిపోతుంది. ఒకసారి జాగ్రత్తగా రాసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పేరుపెట్టి పిలిచే వీలు కల్పించారు. మరుపుకు తావు లేకుండా చేయడమే ఇందులోని నైపుణ్యం.

పోయినా మిగలాల్సినవి

రద్దు గురించిన పాత బ్రిటిష్ సూత్రం కఠినమైనది. 1830లో ఇంగ్లండ్ న్యాయమూర్తి టిండల్ ఒక కేసులో చెప్పిన ప్రకారం, రద్దయిన చట్టం అసలెన్నడూ లేనట్టే లెక్క, పూర్తయి ముగిసిన వ్యవహారాలు తప్ప. అదే సూత్రం పట్టుకుంటే సగంలో ఉన్న ఒప్పందం, బాకీ, కేసు అన్నీ గాలిలో కలిసిపోతాయి. ఆ కాఠిన్యం తగ్గించడానికి పుట్టిందే సేవింగ్స్ క్లాజు.

టెక్సాస్‌లో దీన్ని అన్ని సంస్థలకూ కలిపి ముందే రాశారు. అక్కడ కూడా 1989లో ఒక హైస్పీడ్ రైలు అథారిటీ పెట్టారు. 1991లో ఒక కన్సార్షియానికి 50 ఏళ్ల ఫ్రాంచైజీ ఇచ్చారు. విమాన కంపెనీ సౌత్‌వెస్ట్ గట్టిగా అడ్డం తిరిగింది, గడువులోగా పెట్టుబడి సమకూరలేదు, 1994లో ఫ్రాంచైజీ పోయింది, 1995లో శాసనసభ అథారిటీనే ఎత్తేసింది. ప్రభుత్వ సంస్థల అవసరాన్ని వంతులవారీగా సమీక్షించే టెక్సాస్ సన్‌సెట్ చట్టం 1977 నాటిది. ఆ చట్టం కింద రద్దయిన సంస్థకు పనులు చక్కబెట్టుకోవడానికి గడువు దొరుకుతుంది. ఆ గడువులో దాని అధికారాలు తగ్గవు. బాండ్లు ఏవైనా ఉంటే వాటి బాధ్యత చూసే శాఖను గవర్నర్ చెబుతారు. అంతకుముందు ఏర్పడిన హక్కులు, బాధ్యతలు, జరిమానాలు, మొదలైన కేసులు దేనికీ భంగం రాదు. సంస్థ పోతుంది, దాన్ని నమ్ముకున్నవాళ్లకు ఇచ్చిన మాట పోదు.

మన దగ్గర ఇదే పని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చేస్తుంది. అంతకన్నా పాత 1891 మద్రాసు చట్టం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు ఇలాంటి నియమమే సంక్రమించింది. దాని విలువ ఏమిటో అమరావతి రైతులను అడగాలి. 2014 చట్టంతో పుట్టిన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2020లో రద్దయి, 2021లో మళ్లీ వచ్చింది. 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణలో ఇచ్చినవారికి ఆ మధ్య కాలంలో ఏటా కౌలు ఎవరిస్తారు, ప్లాట్ల హామీ ఎవరి మీద ఉంటుంది అన్నవి రాజకీయ ప్రశ్నలే కాదు, రద్దు చట్టంలో ఏ క్లాజు ఏం చెప్పిందన్న ప్రశ్నలు కూడా. ఇంకో మెలిక: రద్దు చేసిన చట్టాన్ని రద్దు చేసినంత మాత్రాన పాత చట్టం దానంతట అది లేచి రాదు. మళ్లీ బతికించాలంటే ఆ మాట విడిగా రాయాలని కేంద్ర చట్టం 7వ సెక్షన్ చెబుతుంది. చట్టం రాసేవాళ్లు ఒక్కో మాట దగ్గర ఎందుకు ఆగుతారో ఇలాంటి చోట తెలుస్తుంది.

ఫ్లోరిడా కథ చివరి అంకం ఈ నేర్పుకు పరీక్ష. 2010 జనవరిలో టాంపా, ఓర్లాండోల మధ్య ఇంటర్‌స్టేట్ 4 రహదారి మధ్య జాగాలో 84 మైళ్ల రైలుకు కేంద్రం 125 కోట్ల డాలర్లు ప్రకటించింది. తర్వాత అది 240 కోట్లకు పెరిగింది. 2011 ఫిబ్రవరిలో కొత్త గవర్నర్ రిక్ స్కాట్ ఆ డబ్బు వద్దన్నారు. ఇద్దరు రాష్ట్ర సెనేటర్లు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ హక్కును వారు స్పష్టంగా చూపలేకపోయారంటూ కోర్టు మార్చి 4న తోసిపుచ్చింది. 19వ సెక్షన్ బతికి ఉంటే ఆ వాదనకు రాజ్యాంగ బలం తోడయ్యేది. చేయగలరు, చేసి తీరాలని లేదు అన్న స్థితికి 2004 నాటి ఆ ఒక్క వాక్యం రాష్ట్రాన్ని తెచ్చి నిలబెట్టింది. ఇష్టపడ్డ గవర్నర్ ముందుకు నడిచారు, ఇష్టపడని గవర్నర్ ఆపారు. రద్దు రాసినవాళ్లు కోరుకున్నది సరిగ్గా అదే.

లోపం లేదనలేం. 2004 నుంచి 2009 దాకా ఆజ్ఞ లేని అథారిటీ కాగితం మీద వేలాడింది. ఆజ్ఞను తీసేసిన మరుసటి సమావేశంలోనే శాసనసభ ఆ సంస్థ సంగతి తేల్చి ఉండాల్సింది. రాజ్యాంగంలో మిగిలిన చెత్త ఊడవడానికైతే ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఓటర్లు రద్దు చేసిన హైస్పీడ్ నిబంధన తాలూకు కాలం చెల్లిన పాఠాన్ని తొలగించడానికి 2018లో 11వ సవరణ కావాల్సి వచ్చింది. ఆ సవరణలో మూడు వేర్వేరు విషయాలు కట్టగట్టారు, ఎందుకంటే దాన్ని ప్రతిపాదించిన రాజ్యాంగ సమీక్ష కమిషన్‌కు ఒకే విషయం అన్న నియమం వర్తించదు. నేర చట్టాలను సవరించినప్పుడు పాత నేరాలకు పాత శిక్షే పడాలన్న సేవింగ్స్ క్లాజును సడలించడం వాటిలో ఒకటి. పోయినదాంట్లో ఏది మిగలాలి అన్న ప్రశ్నే రెండు రూపాల్లో ఒకే బ్యాలెట్ ఎక్కింది. ఆ సవరణ నెగ్గింది. అయినా 19 అన్న అంకెను వేరే దేనికీ ఇవ్వలేదు. పొగాకు పొగ లేని కార్యాలయాల సెక్షన్ 20గానే, చూడి పందులను ఇరుకు గూళ్లలో బంధించరాదన్న సెక్షన్ 21గానే ఉన్నాయి. వాటిని ముందుకు జరిపితే పాత తీర్పుల్లో, పుస్తకాల్లో ఉన్న ప్రస్తావనలన్నీ తప్పుతాయి. ఖాళీని ఖాళీగా ఉంచడం కూడా పనితనమే.

వీటన్నిటిలోకి నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది 2004 నాటి వాక్యం. చేతిలో 64 శాతం ఓట్ల బలం ఉండబోతున్నా, దాన్ని రాసినవాళ్లు అవసరానికి మించి ఒక్క మాట తీసేయలేదు. కోపంతో రాసిన రద్దు అవసరానికి మించి కూలుస్తుంది, నిర్లక్ష్యంగా రాసిన రద్దు అనాథలను మిగులుస్తుంది. మంచి రద్దు ఈ రెండిటికీ మధ్య నడుస్తుంది.

కాబట్టి ఇకమీదట మన శాసనసభలో ఏ సంస్థనైనా ఎత్తేస్తూ బిల్లు వస్తే, పత్రికలో వచ్చే శీర్షికతో సరిపెట్టుకోకండి. బిల్లు తెప్పించుకుని చివరి పేజీ తిప్పండి. రికార్డులు ఎవరికి వెళ్తున్నాయి, భూములు ఎవరి పేరు మీదికి మారుతున్నాయి, సిబ్బంది ఏమవుతారు, బాకీలు ఎవరు తీరుస్తారు, నడుస్తున్న కేసుల్లో ఆ సంస్థ స్థానంలో ఎవరు నిలబడతారు? ఈ అయిదు ప్రశ్నలకు అక్కడ సమాధానం దొరికితే ఆ రద్దు మీకు నచ్చినా నచ్చకపోయినా పని తెలిసినవాళ్లు రాసిందని నమ్మవచ్చు. దొరక్కపోతే, బిల్లు ఆమోదం పొందకముందే మీ ఎమ్మెల్యేను అడగండి.